కీర్తన రూప విశ్లేషణ: వేదాంత విద్యలో ఒక లోపం

కీర్తనల గ్రంథాన్ని స్తుతి, విలాపం, కృతజ్ఞత మొదలైన రూపాలుగా విభజించిన హెర్మన్ గుంకెల్ (1862–1932) పద్ధతిని వేదాంత కళాశాలలో శ్రద్ధగా చదువుతాం. అయితే పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనల దగ్గరకు వచ్చేసరికి సిద్ధాంతాన్ని మాత్రమే చూసి, సంగీత రూపాన్ని విడిచిపెడతాం. ఇది లోపం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో రాగతాళాలు, పల్లవి, చరణాలు అలంకారం కోసం ముద్రించినవి కావు. పల్లవి సంఘం చేసే ఒప్పుకోలు. చరణం దానిని విస్తరించి, తిరిగి పల్లవికే చేరుస్తుంది. అందువల్ల ప్రతిసారీ పల్లవి మరింత అర్థంతో వినబడుతుంది. సమయం చాలదని మధ్య చరణాలు వదిలి పాడించినప్పుడు (నేనూ అలా చేసినవాడినే) పాట చిన్నది కావడమే కాదు, సాక్ష్యం మధ్యలో తెగుతుంది. కాబట్టి రూప విశ్లేషణ గాయక బృందానికే చెందిన విద్య కాదు. వాక్య వ్యాఖ్యానం నేర్చుకొనే ప్రతి విద్యార్థికీ అది అవసరం.