సిగ్మండ్ చెయ్యి

సిగ్మండ్ యోహాన్సన్! 1931లో నార్వేలో పుట్టి, పసితనంలోనే ఐస్‌లాండ్ చేరి, వెస్ట్‌మన్ దీవుల ఉప్పుగాలిలో వేళ్ళూనుకున్నవాడా, నీ చేతికి నమస్కారం. చేపల ఫ్యాక్టరీలో యంత్రాల జిడ్డు పులుముకున్న చెయ్యి అది. కాడ్ చేప నాలుక కింది మెత్తని కండను కోసే యంత్రాన్ని కనిపెట్టిన చెయ్యి. అదే చెయ్యి కాగితం మీద వాలితే మంత్రులు, దొరలు పొద్దున్నే దేశం ముందు నవ్వుల పాలయ్యేవారు.

1963 నవంబరులో నీ దీవికి కాస్త దూరంలో సముద్రం నిప్పులు కక్కి, సుర్ట్సే అనే కొత్త నేలను కన్నది. ఆ వేడి నేల మీద కాలుపెట్టిన వాళ్ళను చూసి నువ్వు బొమ్మ గీశావు. 1964లో మోర్గున్‌బ్లాదిద్ పత్రికలో నీ తొలి కార్టూన్ అదే. ఒక దీవీ ఒక చిత్రకారుడూ ఒకే పొగలోంచి వచ్చారు! ఆ పైన 2008 దాకా గీస్తూనే ఉన్నావు, పదివేలకు మించి.

1973 జనవరి 23, అర్ధరాత్రి దాటాక నీ ఊరి అంచున నేల చీలి నిప్పులు కక్కింది. ఐదువేల మందికి పైగా ఉన్న జనంలో ఎక్కువమందిని ఆ రాత్రే చేపల పడవలు అవతలి ఒడ్డుకు చేర్చాయి. పడవే దిక్కని ఆ దీవికి ఒకరు చెప్పాలా? ఆ పడవే కొంపముంచుతుందనీ ఆ దీవికి తెలుసు. వేటకెళ్ళిన పడవ ఒక్కసారిగా ఒరిగితే, కొయ్యబారిన వేళ్ళతో రక్షణ తెప్పను విప్పే వ్యవధి ఎక్కడుంటుంది? కళ్ళముందు తెప్ప ఉండగానే మనుషులు మునిగిపోయేవారు. ఈ అన్యాయం నీకు నిద్రపట్టనిచ్చి ఉండదు. 1980ల తొలినాళ్ళలో, తెప్పను తానే నీళ్ళమీదికి విసిరే పరికరం నీ చేతుల్లో రూపు కట్టింది. జాలరులు దాన్ని నీ పేరుతోనే పిలుచుకున్నారు.

2004లో నీ బొమ్మలను ప్రభుత్వమే కొని జాతికి దఖలు పరిచింది. మంచి పని చేసింది. 2012లో నువ్వు వెళ్ళిపోయావు. కార్టూన్ల సిగ్మండ్ ఒకడనీ, యంత్రాల సిగ్మండ్ ఇంకొకడనీ నిన్ను రెండుగా పంచితే మాత్రం నేనొప్పను. మంత్రిగారి ముక్కును ఎంత సాగదీయాలో ఎరిగిన కన్నే, ఒరిగిన పడవలో మనిషి చెయ్యి తెప్పకు ఎన్ని జానల దూరాన ఆగిపోతుందో చూసింది.