కాలిన చుట్టను చదివే మెకానిక్
బోర్లపై ఆధారపడిన తెలంగాణ, రాయలసీమ సేద్యంలో మోటారు కాలినప్పుడు రైతు ఆశ్రయించే నిపుణుడు వైండింగ్ మెకానిక్. మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే రాగి తీగ చుట్టలను విప్పి కొత్తగా చుట్టడం అతని వృత్తే అయినా, అసలు నైపుణ్యం అంతకు ముందే, కాలిన తీరును బట్టి కారణాన్ని పట్టుకోవడంలో తెలుస్తుంది. చుట్టలన్నీ ఒకే తీరున నల్లబడితే అధిక భారమో, లో వోల్టేజీయో కారణం కావచ్చు. స్టార్ పద్ధతిలో కలిపిన త్రీఫేజ్ మోటారులో రెండు ఫేజుల చుట్టలు మాడి మూడోది చెక్కుచెదరకుండా ఉంటే, ఒక ఫేజు పోయినా మోటారు తిరిగిందని, కరెంటు మితిమీరినప్పుడు సరఫరాను తెంపవలసిన ఓవర్‌లోడ్ రిలే పనిచేయలేదని అతడు గ్రహిస్తాడు. మోటారును బోరులో దించే ముందు ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో పరీక్షించి, పొలం దాకా వచ్చి స్టార్టర్‌ను, ఫ్యూజులను కూడా సరిచేసే మెకానిక్‌కు ఇచ్చే కూలి, పైరు ఎండుతున్న రోజుల్లో, ఏ లెక్కన చూసినా తక్కువే.