జెంటూ: పొగడ్త కాని పేరు

ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు మనల్ని జెంటూలన్నారు. ఆ మాట 'జెంటిల్' నుంచి పుట్టింది కనుక, మర్యాదస్తులని మెచ్చుకున్నట్టేనని మనవాళ్లు కొందరు మురిసిపోతుంటారు. ఈ మురిపెం మీదే నా అభ్యంతరం.

జెంటూ ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదు. పోర్చుగీసువాళ్ల దగ్గర పుచ్చుకున్నది. వాళ్లు ఇక్కడి ముసల్మానులను 'మూరు'లన్నారు, హిందువులను 'జెంతియు' అన్నారు. అంటే అన్యమతస్థుడు. తెలుగు బైబిలులో 'అన్యజనులు' అని ఉన్నచోట ఇంగ్లీషులో కనిపించే 'జెంటైల్' దీని తోబుట్టువే.

మూలం లాటిన్ 'గెన్స్', అంటే వంశం. 'గెంటిలిస్' అంటే ఒకే వంశంవాడు. మంచి వంశంవాడన్న దారిలో 'జెంటిల్' వచ్చింది. చర్చి లాటినులో అదే మాట ఇతర జాతులవాడికి పేరైంది. కనుక జెంటిల్, జెంటూ ఒక ఇంటి బిడ్డలే గాని, ఒకటి మరొకదానికి తల్లి కాదు. 'మనవాడు' అన్న మాట తిరిగి తిరిగి 'మనవాడు కాడు' అయి మన దగ్గరకు చేరింది.

హాల్‌హెడ్ 1776లో అచ్చువేసిన 'జెంటూ' ధర్మశాస్త్రంలో ఆ పేరు హిందువులందరిదీ. మద్రాసులో మాత్రం అది ప్రత్యేకించి తెలుగువాళ్లకూ, తెలుగుకూ అంటుకుంది. పక్కనే తమిళం 'మలబారు' అయింది. ఒకే ఊళ్లో రెండు భాషలకు రెండు పరాయి పేర్లు!

1816లో మద్రాసులో వెలువడిన కాంప్‌బెల్ వ్యాకరణం పేరులో 'తెలుగు' ముందుకు వచ్చింది. జెంటూ 'వాడుక పేరు'గా వెనక్కు జరిగింది. తెలుగు సంస్కృతజన్యం కాదని ఎల్లిస్ వాదించింది ఆ పుస్తకంలోనే. మన భాషకు సొంత పేరూ, సొంత వంశమూ ఒకే అట్టల మధ్య దొరికాయన్నమాట. అయినా మరుసటి ఏడు విలియం బ్రౌన్ తన వ్యాకరణాన్ని మళ్లీ జెంటూ పేరుతోనే తెచ్చాడు. 1852లో సి.పి. బ్రౌన్ నిఘంటువు అట్టమీద మాత్రం తెలుగే నిలిచింది.

పరాయివాళ్లు పేర్లు పెట్టడం వింత కాదు. తమిళులు మనల్ని వడుగర్ అన్నారు. అది ఉత్తర దిక్కును చెప్పే మాట. తరాలుగా తమిళదేశంలో స్థిరపడ్డా ఆ దిక్కు మనల్ని వదల్లేదు. అందులో తప్పుపట్టేదేమీ లేదు. కాని మనల్ని వెలిగా నిలబెట్టిన మాటను బిరుదుగా తగిలించుకోవడం, ఖర్చును జమవైపు రాసుకోవడమే. పొరుగు రాష్ట్రాల్లో ఉన్న మనం పిల్లలకు అప్పగించవలసింది ఆ తప్పు లెక్కను కాదు, తెలుగు అన్న పేరును.