ఛాత్రశబ్దార్థము - విద్యార్థి రచనల బహిరంగ ప్రకటనము

కళాశాలలలో విద్యార్థులు వ్రాయు వ్యాసములు చిరకాలముగా నొక్క పాఠకుని కొఱకే వ్రాయఁబడుచు వచ్చినవి. ఆ పాఠకుఁడు పరీక్షకుఁడు. ఆతఁడు చదివి, మార్కులు వేసి, కట్టకట్టి మూల నుంచును. వ్రాఁత యంతటితో ముగియును. అంతర్జాలము వచ్చిన పిదప ఈ పద్ధతి మాఱినది. పాఠ్యక్రమములో భాగముగా విద్యార్థి తన వ్రాఁతను లోకమునకు వెల్లడి చేయవలెననియు, దానికే మార్కులు కలవనియు విధించు నాచారము పలుదేశములలో నేర్పడినది. దీనిని మెచ్చుకొనువారు పెక్కండ్రు. ఆ మెప్పులో నిజము కలదు. కాని యీ విధానమునఁ జిక్కులును గలవు. అవి యంత్రములకు సంబంధించినవి గావు, గురుశిష్యధర్మమునకు సంబంధించినవి. అందుచేత వానిని శాస్త్రదృష్టితోఁ బరిశీలించుట యుక్తము.

విచారమునకు మొదలు శబ్దమునందే కలదు. ఛాత్రశబ్దమును సాధించుటకుఁ బాణిని నాలుగవ యధ్యాయపు నాలుగవ పాదమున 62వ సూత్రమును జేసెను. ఛత్రము, అనఁగా గొడుగు, శీలముగాఁ గలవాఁడు ఛాత్రుఁడని యర్థము. అట్లయినచో రాజునకు గొడుగు పట్టు భటుఁడును ఛాత్రుఁడు గావలసివచ్చునని పతంజలి శంకించి, ఇచట గొడుగు వంటిదానినే గొడుగని చెప్పుటగా గౌణార్థమును గ్రహించెను. ఆ గొడుగు గురువు. గురువు శిష్యుని గొడుగువలెఁ గప్పవలెను; శిష్యుఁడు గురువును గొడుగువలెఁ గాపాడుకొనవలెను. తరువాతి కాలపు కాశికావృత్తి యీ యుభయధర్మములో నొకవైపు మాత్రమే నిలిపినది. గురుకార్యములం దవహితుఁడై, గురువు లోపములను గప్పుటకుఁ బూనుకొన్నవాఁడు ఛాత్రుఁడని దాని తాత్పర్యము. పాఠశాలలలో నేఁటికిని దఱచుగా వినవచ్చు వ్యాఖ్య యిదియే. భాష్యము చెప్పిన మొదటి సగమును, అనఁగా గురువు శిష్యునిఁ గప్పవలెనను మాటను, ఎత్తి చెప్పువారరుదు. ప్రస్తుతవిషయమున నా మొదటి సగమే ముఖ్యము. విద్యార్థిని వెలుపలి పాఠకుల యెదుట నిలుపుట గొడుగు తీసివేయుటయా, లేక గొడుగుతోడనే వానలోనికిఁ దీసికొనిపోవుటయా యనునది ప్రశ్న.

ముందుగా గుణపక్షము. మహాభాష్యమునందే పస్పశాహ్నికమున విద్య నాలుగు కాలములచే నుపయుక్తమగునని చెప్పఁబడినది. గురువు నుండి గ్రహించు కాలము మొదటిది. తానుగా వల్లించు కాలము రెండవది. పరులకుఁ బ్రవచనము చేయునది మూఁడవది. వ్యవహారమున వినియోగించునది నాలుగవది. ప్రవచనము విద్య ముగిసిన తరువాతి వృత్తిగాఁ గాక విద్యలోనే యొక కాలముగా లెక్కింపఁబడుట గమనింపఁదగినది. నేఁటి కళాశాల విద్య తఱచుగా మొదటి రెండింటితోనే నిలిచిపోవుచున్నది. ఆ రెండవది కూడఁ బరీక్షకు ముందటి రాత్రికిఁ గుదించుకొనిపోయినది. పరీక్షకునకు విషయము ముందే తెలియును. తెలిసినవానికిఁ దెలిసినదానినే చెప్పుటలో స్పష్టతకు నిర్బంధము లేదు. ఎఱుఁగనివాఁ డెవఁడో చదువుననఁగానే వ్రాయువానికి మాట వెదకుకొనవలసివచ్చును, పూర్వపక్షము తోఁచును, ఆధారము చూపవలసివచ్చును. మెదకు మండలమందలి కొల్చారమును దన యింటిపేరునఁ జిరస్థాయిగా నిలిపిన మల్లినాథసూరి, మూలము లేనిదానిని వ్రాయననియు ననపేక్షితమును బలుకననియుఁ దన వ్యాఖ్యారంభమున నియమము చేసికొనెను. ఆ నియమమును బదునెనిమిదేండ్ల విద్యార్థిచేతఁ బాటింపఁజేయుటకు బయటి పాఠకుని మించిన సాధనము లేదు. తరగతిలో నెన్నిసారులు చెప్పినను పట్టుపడని ప్రమాణప్రదర్శనము, అపరిచితుఁ డొకఁడు "ఈ మాటకు మూలమేది" యని యడిగినప్పుడు పట్టుపడును.

మద్రాసు రాజధానిలో 1911 మొదలు కొన్ని యేండ్లపాటు ఇంటర్మీడియెటు తెలుఁగు వ్యాసము గ్రాంథికమున నుండవలెనా వ్యావహారికమున నుండవలెనా యని మహావివాదము నడచినది. జయంతి రామయ్య పంతులుగారు, గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు మొదలగు మహాపురుషులు వాదప్రతివాదములు చేసిరి. ఆ విద్యార్థి యే భాషలో వ్రాయవలెనను దానిని గుఱించి యింత పోరు జరిగినను, ఆ వ్యాసమును బరీక్షకుఁడు గాక మఱియెవరైనఁ జదువవలదా యను ప్రశ్న ముందునకు రాలేదు. ఇది ప్రసక్తానుప్రసక్తము.

దోషపక్షమునకుఁ బుణె నగరమున 2011లో జరిగిన ప్రయత్నము మంచి నిదర్శనము. అమెరికా విశ్వవిద్యాలయములలో ప్రజావిధానములను బోధించు తరగతుల విద్యార్థులచేత ఆంగ్ల వికీపీడియాకు వ్యాసములు వ్రాయించు ప్రయోగమును 2010-11లో వికీమీడియా ఫౌండేషను వారు నడపిరి. అది చాలవఱకు ఫలించినది. ఆ నమూనానే వారు పుణెలోని కొన్ని కళాశాలలకుఁ దెచ్చిరి. సుమారు 1000 మంది విద్యార్థులు పాల్గొనిరి. కొద్దికాలమునకే వారి వ్రాఁతలలోఁ బెక్కింట ఇతర గ్రంథముల నుండియు నంతర్జాలము నుండియు యథాతథముగా నెత్తివ్రాసిన భాగములు బయటపడినవి. వానిని గనిపెట్టి తొలఁగించుటకుఁ దూరదేశములందలి స్వచ్ఛంద సంపాదకులు మిక్కిలి శ్రమపడిరి. హెచ్చరికలు వెళ్లినవి, కొన్ని ఖాతాలు నిరోధింపఁబడినవి. 2011 నవంబరులోఁ బ్రయత్నము నిలిపివేయఁబడెను.

దీనిని జూచి విద్యార్థుల నీతిని నిందించినవారు కలరు. ఆ నింద సగమే న్యాయము. పాఠ్యపుస్తకమందలి వాక్యమును మార్పు లేక పరీక్షలో దింపినవానికి నిండు మార్కులు వేయు చోట, విద్యార్థి పదిపన్నెండేండ్లుగా నేర్చినది యదియే. పరీక్షాపత్రమున గుణమైనది ప్రకటితగ్రంథమునఁ జౌర్యమగునని వానికిఁ జెప్పవలసినవాఁడు గురువు. ఉపాధ్యాయులలోఁ బెక్కండ్రకు ఆ విజ్ఞానసర్వస్వమున స్వయముగా వ్రాసిన యనుభవము లేదు. సహాయకులుగా వచ్చినవారు కొలఁదిమంది. గురువు చదువకముందే లోకము చదివినది. ఇదియే యసలు దోషము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారు 2018లోఁ జేసిన గ్రంథచౌర్యనివారణ నిబంధనలు సైతము పరిశోధనపత్రములకు, సిద్ధాంతగ్రంథములకుఁ జెల్లునవే. తరగతి వ్యాసములను, జవాబుపత్రములను వారు స్పష్టముగా మినహాయించిరి. తరగతి వ్యాసము గురువు చేతిలో దిద్దుబాటు పొందు నభ్యాసమను దృష్టి యందుఁ గలదని చెప్పవచ్చును. అట్టి యభ్యాసమునే పుణెలోఁ బ్రకటితగ్రంథముగాఁ జేసి, శిక్ష మాత్రము గ్రంథకర్తకుఁ దగినది విధించిరి.

తప్పు పదుగురిలో బయటపడుట మన సంప్రదాయమునకుఁ గ్రొత్త గాదు గదా యని కొందఱనవచ్చును. వాక్యార్థసభలలో విద్యార్థి తడఁబడును. అవధానసభలలోఁ బృచ్ఛకుఁడు పట్టుకొనును. ఈ యాక్షేపము పైకి బలవంతముగాఁ దోఁచును గాని నిలువదు. సభలో నపశబ్దము పలికినవాని తప్పును సభ్యులు విందురు, నవ్వుదురు, మఱునాఁటికి మఱతురు. పైగా వాని గురువు ప్రక్కనే కూర్చుండును. తీఱని చోట నందుకొనును. అంతర్జాలపు వ్రాఁత యట్టిది గాదు. వికీపీడియాలో దిద్దిన వాక్యము పోయినను, దిద్దకముందటి వాక్యము, దానిని వ్రాసిన ఖాతా పేరు, గంట నిమిషములతో సహా మార్పుల చరిత్రలో నుండును. పందొమ్మిదవయేఁట చేసిన యపరాధమును నలువదవయేఁట ఉద్యోగమిచ్చువాఁడు తీసి చూడవచ్చును. పూర్వపు కళాశాల పత్రికలు వేఱు. వానిలో విద్యార్థి తన యిచ్చచేత నిచ్చెను. ఉపాధ్యాయుఁడు సంపాదకుఁడై యేఱి, దిద్ది, వేసెను. అందు గొడుగు కలదు.

ఇఁక స్వామ్యవిషయము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము కృతికిఁ గర్తయే మొదటి హక్కుదారు. ఉద్యోగధర్మముగా వ్రాసినది, వేఱొప్పందము లేనిచో, యజమానికిఁ జెందును. విద్యార్థి యుద్యోగి కాఁడు. కావునఁ దరగతిలో వ్రాసిన వ్యాసము విద్యార్థి సొత్తు. వికీపీడియాలో వ్రాయువాఁడు తన వ్రాఁతను నెవరైనను, వ్యాపారార్థమైనను, కర్తను బేర్కొని యదే షరతుతో వాడుకొనవచ్చునని యనుమతి నిచ్చుచున్నాఁడు. ఆ యనుమతిని మఱల వెనుకకుఁ దీసికొనుటకు వీలులేదు. దానము గొప్పది; కాని పరుని సొత్తును దానము చేయుమని మార్కులు చూపి విధించుట దానము గాదు. ఇంటర్మీడియెటు విద్యార్థుల విషయమున నీ చిక్కు మఱింత బిగియును. పదునెనిమిదేండ్లు నిండనివాఁ డొప్పందము చేసికొనుట కర్హుఁడు కాఁడని 1872 నాటి కాంట్రాక్టుల చట్టమును 1875 నాటి వయఃపరిమితి చట్టమును గలిపి చదివినఁ దేలును. 2023లోఁ బార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును నీ వయస్సునే మేరగాఁ గొని, బాలుర వివరములకుఁ దల్లిదండ్రుల ధ్రువీకృతసమ్మతిని విధించినది. పదునాఱేండ్ల పిల్లవానిచేత స్వనామముతో వ్రాయింపఁబూనిన యుపాధ్యాయుఁ డీ రెండింటిని జదువక పూనుకొనరాదు.

మార్కులు లేనిదే యెవ్వఁడును వ్రాయఁడను మాట యనుభవమువలనఁ బుట్టినది; త్రోసివేయరాదు. అయినను మార్కులు వ్రాఁతకు వేయవచ్చును, ప్రకటనమునకు వేయనక్కఱలేదు. వ్యాసమును గురువు చదివి దిద్దుటతో మార్కులు ముగిసినచో, ఆపై లోకమునకుఁ జూపుట విద్యార్థి యిచ్చకు మిగులును. అట్టి యిచ్చతోఁ బైకి వచ్చువారు తక్కువ యగుదురు. వచ్చినవారి వ్రాఁత మేలుగా నుండును. పేరు విషయమునను నిర్బంధము పనికిరాదు. అమెరికాలో నీ పనిని నేఁడు నడపుచున్న వికీ ఎడ్యుకేషన్ సంస్థవారు విద్యార్థి స్వనామమును వెల్లడింప నక్కఱలేదనియే చెప్పుదురు. కలము పేరు తెలుఁగువారికిఁ గ్రొత్త గాదు. మాఱుపేరు పెట్టుకొనుట పిఱికితనమనువారు, కథలకుఁ గవిత్వమునకు దానిని మన్నించి, నేర్చుకొనువానికి మాత్రమే యేల నిరాకరింతురో చెప్పవలసియున్నది.

కాశికావృత్తి చెప్పిన రెండవ ధర్మము కూడ నిచటఁ బరీక్షకు వచ్చును. విద్యార్థి బహిరంగముగా వ్రాయుటకు అధికారము పొందినచోఁ దరగతిలో విన్న పాఠమందలి తప్పును గూడ వ్రాయవచ్చును. దీనికి వెఱచియే కొందఱుపాధ్యాయులు మొదటినుండి వల దనుచున్నారు. కారణము మాత్రము వేఱు చెప్పుదురు. గురుదోషములను గప్పుట యనఁగా నసత్యమును నిలుపుట గాదు. కాత్యాయనుఁడు పాణిని సూత్రములకు వార్తికములు వ్రాసి, లోపించినచోటఁ బూరించెను, అనక్కఱలేనిదానిని జూపెను; పతంజలి యిరువురిని దూఁచెను. మునిత్రయమున నుత్తరోత్తరమునకుఁ బ్రామాణ్యమని వైయాకరణులందఱు నంగీకరించిరి. పరువునకు భంగము లేకయే పరంపరలోఁ దప్పు దిద్దఁబడినది. ఈ యుదాహరణము నెదుట నుంచుకొని విద్యార్థి వ్రాఁతకు హద్దు వేయుట కష్టము గాదు: వ్యక్తిని విడిచి వాక్యమును బట్టవలెను.

ప్రాచ్యకళాశాలల వారి కంతకంటె సుకరమైన మార్గ మొకటి యున్నది. తెలుఁగు వికీసోర్సులోఁ బాత ముద్రణపు పుటల చిత్రములు ప్రక్కన నుంచుకొని వాని పాఠమును దిద్దు పని జరుగుచున్నది. యంత్రము చదివిన పాఠమున ఱకారము రకారమగును, అరసున్న లోపించును, వలపలగిలక తాఱుమాఱగును. దిద్దనిపుట యెఱ్ఱగాను, ఒకరు దిద్దినపుట పసుపుపచ్చగాను, రెండవవాఁడు మఱల సరిచూచినపుట యాకుపచ్చగాను గుర్తింపఁబడును. దిద్దినవాఁడే తన పుటను ఆకుపచ్చ చేయుటకు వీలులేదు. ఎత్తివ్రాఁత యిచట దోషము గాదు, ఎత్తివ్రాఁతయే విధి. విద్యార్థి పొరపడినచోఁ బోవునది యక్షరము. వాని పేరు గాదు. ఛందస్సు తెలిసిన విద్యార్థికి గణభంగమే ముద్రణదోషమును జూపును, సంధి తెలిసినవానికి ద్రుతమే చూపును. బాలవ్యాకరణము నేర్చినందుకు వ్యవహారకాల మిట్లు గూడ రావచ్చును. ఇట్టి పుటలను మూఁడవ సంవత్సరపు విద్యార్థుల కిచ్చి, రెండవ దిద్దుబాటును ఉపాధ్యాయుఁడే చేయుట కే విశ్వవిద్యాలయపు క్రొత్త శాసనమును నక్కఱలేదు.