మూసుకున్న నాళం సాక్ష్యం

ఊపిరితిత్తుల్లో పుట్టే కణితుల్లో కార్సినాయిడ్ వాటా నూటికి ఒకటి రెండుకు మించదు. హార్మోన్ల వంటి రసాయనాలను స్రవించగల కణాల నుంచి నెమ్మదిగా పెరిగే ఈ కణితి ఎక్కువగా పెద్ద శ్వాసనాళాల్లోనే తలెత్తుతుంది కనుక, ఛాతీ ఎక్స్‌రేలో దాన్ని మొదట వెతకవలసిన చోటు ఊపిరితిత్తి మూలం, అంటే శ్వాసనాళాలూ రక్తనాళాలూ గుండె పక్కగా ఊపిరితిత్తిలోకి ప్రవేశించే ప్రాంతం. అక్కడ అంచులు తేరిన గుండ్రని నీడ రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల మేర కనిపిస్తే అనుమానం తేలికే. పాఠ్యపుస్తకాల బొమ్మ అది. వార్డులో చేతికొచ్చే ఫిల్ము తరచుగా అంత ఉదారంగా ఉండదు.

నాళంలోని చిన్న కణితి గుండె, రక్తనాళాల నీడల్లో కలిసిపోయినా దాని పర్యవసానాలు దాగవు. నాళం పూర్తిగా మూసుకుంటే అవతల చిక్కుకున్న గాలి రక్తంలోకి ఇంకిపోయి, లోబ్ అని పిలిచే ఆ ఊపిరితిత్తి భాగం ముడుచుకుని తెల్లబడుతుంది. ఎడమ కింది లోబ్ ముడుచుకున్నప్పుడు ఆ తెలుపు గుండె నీడ చాటున ఉండిపోతుంది కాబట్టి, పక్క నుంచి తీసిన ఫిల్మును అనవసరపు ఖర్చుగా చూడడం పొరపాటే. నాళం సగమే మూసుకుంటే లోపలికి వెళ్లిన గాలి బయటికి రాలేక ఆ భాగం మరింత నల్లగా కనిపిస్తుంది, ఊపిరి వదిలాక తీసిన ఫిల్ములో ఈ తేడా ఇంకా తేటపడుతుంది. నిలిచిపోయిన శ్లేష్మం నాళాల కొమ్మలను నింపితే, తొడుగు వేసుకున్న వేళ్లలా చీలిన నీడ ఏర్పడుతుంది.

వీటన్నిటికంటే విలువైన ఆధారం ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే న్యుమోనియా. మందులతో తగ్గి, కొన్ని నెలలకు అదే లోబ్‌లో తిరిగొచ్చే నీడను భారతదేశం వంటి చోట క్షయగానూ, ఒక పక్కనే వినిపించే పిల్లికూతను ఉబ్బసంగానూ భావించే అవకాశం ఎక్కువ. పాత ఫిల్ములను వరుసగా పేర్చి చూస్తే తప్ప ఈ పునరావృతి బయటపడదు. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా, రోగికి దగ్గులో రక్తం పడుతుంటే సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ అవసరమే. కణితిలోని సున్నపు నిక్షేపాలు కూడా ఎక్స్‌రేకు అరుదుగానే చిక్కి, సీటీలో తరచుగా తెలుస్తాయి.

ఊపిరితిత్తి అంచుల్లో పెరిగే కార్సినాయిడ్ మరో చిక్కు తెస్తుంది: అది ఏ లక్షణమూ లేకుండా నునుపైన చిన్న ఉండగా కనిపిస్తుంది. రెండేళ్లు పరిమాణం మారని ఉండ హానిచేయదనే పాత లెక్క ఇంత మందగతి కణితి విషయంలో నమ్మదగింది కాదు, అందుకే పోలికకు నిరుటి ఫిల్ముతో సరిపెట్టుకోకుండా దొరికిన వాటిలో అన్నిటికంటే పాతదాన్ని తీయాలి.