పాకెట్ నవలల సేకరణ: అట్టా, పాఠమూ

మద్రాసులో ఉంటూ కొమ్మూరి సాంబశివరావు (1926–1994) రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలల పాత ప్రతులను సేకరించేవారు నేటికీ ఉన్నారు. చవకబారు సాహిత్యమని పండితులు పక్కనపెట్టిన ఈ పుస్తకాలను నిలిపిన వారి శ్రమను మేము తక్కువ చేయం. అయితే అట్టమీది బొమ్మనుబట్టి ప్రతికి విలువ కట్టడం సరికాదు. యుగంధర్, రాజుల సంభాషణల్లోని వాడుకభాష, ఇంగ్లీషు మాటలను నాడు తెలుగులో అచ్చువేసిన తీరు భాషాచరిత్రకు ఆధారాలు. పునర్ముద్రణలో ఇవి మారవచ్చు గనుక తొలి ప్రతే సాక్ష్యం. నాసిరకం కాగితం అందులోని ఆమ్లంవల్లనే పెళుసెక్కుతుంది. ప్లాస్టిక్ తొడుగు దాన్ని ఆపలేదు. ముద్రణ వివరాల పుటతోసహా అన్నిటినీ స్కాన్ చేసి, పట్టిక తయారుచేస్తేనే సేకరణ పరిశోధకులకు అందుతుంది. అందాకా అది అలమారలో అలంకారమే.