ఎవరి పని నా దగ్గర ఆగింది?

కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవాళ్లు ఇప్పటికీ గర్వంగా తలచుకునే పూర్వ విద్యార్థి ఇ. శ్రీధరన్. కేరళ నుంచి వచ్చి ఇక్కడ సివిల్ చదువుకున్నారు. తర్వాత రైల్వేలో చేరి కొంకణ్ రైల్వేను, ఢిల్లీ మెట్రోను కట్టించారు. ఆయన మాట వస్తే చాలామంది గడియారాల గురించే చెబుతారు. గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపించే గడియారాలను సైట్లలోనూ ఆఫీసుల్లోనూ పెట్టించారని. అదే ఇవాళ డాష్‌బోర్డు రూపంలో మన ఆఫీసులన్నిటికీ వచ్చేసింది. గడియారం ఒక్కటీ తెచ్చుకుంటే టీముకు బెంగ పెరుగుతుందే గానీ పని కదలదని నా అనుభవం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆయన సోమవారం మీటింగు. మెట్రోలో విభాగాధిపతులంతా ప్రతి సోమవారం కూర్చునేవారు. ఎక్కడ పని చిక్కుకుందో చెప్పుకుని, అక్కడికక్కడే తేల్చుకునేవారు. ఫైలు ఒక్కో బల్ల ఎక్కి, ఒక్కో నోటు రాయించుకుని, చివర్లో ఏదో సందేహంతో మళ్లీ కిందికి దిగే మన కార్యాలయాలను ఎరిగినవాళ్లకు ఇదెంత పెద్ద మార్పో తెలుస్తుంది. కాంట్రాక్టర్ల బిల్లుల సంగతీ అంతే. చాలా భాగం వెంటనే చెల్లించి, మిగిలింది తనిఖీ అయ్యాక ఇచ్చేవారు. చేతిలో డబ్బున్న కాంట్రాక్టరు కూలీలను నిలుపుకుంటాడు, సిమెంటు వేళకు తెప్పించుకుంటాడు. గడువు గురించి గట్టిగా అడిగే హక్కు మనకు అప్పుడే వస్తుంది.

అంతకు చాలా ముందు, 1964 డిసెంబరు తుపానులో పాంబన్ వంతెన కొట్టుకుపోయినప్పుడు, బాగుచేయడానికి ఆరు నెలల గడువు పెట్టారు. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. శ్రీధరన్ బృందం 46 రోజుల్లో పూర్తిచేసింది. కొత్త గర్డర్లు వచ్చేదాకా కూర్చోకుండా, సముద్రంలో పడిపోయినవాటినే పైకి తీయించి మళ్లీ నిలబెట్టారు. మనుషులను పరుగెత్తించడం కన్నా ఎదురుచూపును తీసేయడం వల్లే అంత వేగం వచ్చిందని నేను నమ్ముతాను.

ఒక చిన్న టీమును నడిపే ఉద్యోగం నాది. రోజూ పొద్దున్నే మెయిల్ తెరిచేముందు ఒక కాగితం మీద పేర్లు రాసుకుంటాను. నేను చేయాల్సిన పనులు అందులో ఉండవు. నా మాట కోసం, నా సంతకం కోసం ఆగి ఉన్న మనుషుల పేర్లుంటాయి. ముందు ఆ కాగితం ఖాళీ అవ్వాలి, నా పని ఆ తర్వాతే. మంగళవారం ఒక కుర్రాడు డిజైన్ పంపితే, నేను శుక్రవారం సాయంత్రం చూసి ఒక్క గీత మార్చమన్నాననుకోండి. ఈలోగా అతను ఇంకో పనిలో పడి ఉంటాడు. ఎందుకలా గీశాడో గుర్తు తెచ్చుకోవడానికే సగం పూట పోతుంది. నాకు అయిదు నిమిషాల పని, అతనికి ఒక రోజు. ఈ నష్టం ఏ రిపోర్టులోనూ కనిపించదు. అందుకే దీన్ని మేనేజర్లు ఎవరికి వారే పట్టుకోవాలి.

మొత్తం చూడ్డానికి తీరిక లేకపోతే ఆ మాటే చెబుతాను: 'రేపు మధ్యాహ్నం రెండింటికి చూస్తాను, ఈలోగా వేరేది మొదలుపెట్టు.' అది తెలిస్తే అవతలి మనిషి తన రోజును తను సర్దుకుంటాడు.

ఇలాంటి ఎదురుచూపు సాయంత్రాల్లోనూ ఉంటుంది. శ్రీధరన్ సాయంత్రం వేళకు ఇంటికి వెళ్లేవారు, ఫైళ్లు వెంట తీసుకెళ్లేవారు కాదు. పెద్దాయన కుర్చీలోనే ఉంటే కింది వాళ్లు పని లేకపోయినా కదలరు. వేళకు లేవడం కూడా టీము పట్ల ఒక మర్యాదే.

పనులు పైవాడి దగ్గరికొచ్చి ఆగడానికి ఇంకో కారణం భయం. 2009 జూలైలో ఢిల్లీ జమ్రుద్‌పూర్ దగ్గర కడుతున్న మెట్రో వంతెన కూలి ప్రాణాలు పోయాయి. బాధ్యత తనదేనంటూ శ్రీధరన్ రాజీనామా ఇచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ఒప్పుకోలేదు. తప్పు జరిగితే పైవాడు ముందు నిలబడతాడన్న నమ్మకం ఉన్నచోటే కింది మనిషి ధైర్యంగా నిర్ణయం తీసుకుంటాడు. ఆ నమ్మకం లేనిచోట ప్రతి చిన్న కాగితమూ 'సార్, మీరొకసారి చూడండి' అంటూ పైకే వస్తుంది. అందుకే మా టీములో సెలవుల సర్దుబాటు, చిన్న కొనుగోళ్లు, వెండరుతో తేదీల మార్పు నా దాకా రానక్కర్లేదని రాసి ఇచ్చాను. ఏదైనా తేడా వస్తే పైవాళ్లకు జవాబు నేనే చెప్పుకుంటానని కూడా అదే కాగితంలో ఉంది.